యూనిఫాం వదిలిన జాగా: ఐర్లండ్ టీనేజీ ఫ్యాషన్ జ్ఞాపకాలు

1982 జనవరి 27న ఐర్లండ్‌లో ఒక ప్రభుత్వం పిల్లల బూట్ల దగ్గర కాలు జారింది. గారెట్ ఫిట్జ్‌జెరాల్డ్ నాయకత్వంలోని సంకీర్ణ సర్కారు ఆ రోజు బడ్జెట్‌లో బట్టలకూ పాదరక్షలకూ 18 శాతం వ్యాట్ వేయబోయింది. కనీసం పిల్లల సైజులనైనా వదిలేయమంటే, చిన్న పాదాలున్న ఆడవాళ్లు పిల్లల బూట్లు కొనుక్కుని పన్ను తప్పించుకుంటారన్న సమర్థన వచ్చింది. ఓటింగులో 82–81తో సర్కారు కూలిపోయింది. ఆ బడ్జెట్‌లో కడుపు మండించే అంశాలు ఇంకా ఉన్నాయి. నలభై ఏళ్లు దాటినా జనానికి గుర్తున్నది మాత్రం బూట్లే.

ఇందులో వింతేమీ లేదు. ఐర్లండ్‌లో యాభై, అరవై ఏళ్ల వాళ్లు తమ టీనేజీ ఫ్యాషన్ గురించి చెప్పుకునే కబుర్లు వింటే అవి తిరిగి తిరిగి కాళ్ల దగ్గరికే వస్తాయి. ఎవరికి డాక్ మార్టెన్స్ అనే దళసరి అడుగు తోలు బూట్లు ఉండేవి, ఎవరికి చారల్లేని రన్నర్స్ (ఆటల బూట్లు) కొనిపెట్టారు, ఎవరి డ్యూబ్స్ (డ్యూబారీ కంపెనీ బూట్లు) అసలువి, ఎవరివి నకిలీవి. గౌన్లు, కోట్లు, జుట్టు కూడా కబుర్లలోకి వస్తాయి గానీ తర్వాత. దీనికి మూలం ఫ్యాషన్ పత్రికల్లో దొరకదు, బడి గేటు దగ్గర దొరుకుతుంది. ఐర్లండ్ సెకండరీ బడుల్లో అత్యధికం యూనిఫాం బడులు. ఉన్ని వీ-నెక్ స్వెట్టర్, దాని మీద బడి ముద్ర, బూడిద రంగు ప్యాంటు, ఆడపిల్లలకు మడతల స్కర్టు. కొన్ని బడుల్లో ఆ స్కర్టు చీలమండల దాకా వేలాడుతూ వాన నీళ్లన్నీ పీల్చుకునేది. డొనా ఓమాలీ ప్రకటించిన ఉచిత సెకండరీ విద్య 1967లో అమల్లోకి వచ్చాక, అంతకుముందు పద్నాలుగేళ్లకే పనికి వెళ్లిపోయే పిల్లలు కూడా పెద్ద సంఖ్యలో ఈ స్వెట్టర్లలోకి వచ్చారు. అంటే టీనేజీ అనే దశ దేశంలో అందరికీ అందిన కాలమూ, అందరూ ఒకే రంగులోకి మారిన కాలమూ ఒకటే.

యూనిఫాం పేద, ధనిక తేడాను చెరిపేస్తుందని దాన్ని సమర్థించేవాళ్లు అంటారు. ఐర్లండ్ అనుభవం ఆ మాటను సగమే ఒప్పుకుంటుంది. ఒంటి మీద చెరిపేసిన తేడా పోయి పాదాల్లోనూ సంచిలోనూ తేలింది. పైగా ముద్ర వేసిన స్వెట్టర్ ఒక్క దుకాణంలోనే దొరకడం వల్ల తల్లిదండ్రుల జేబుకు పడే చిల్లు అలాగే ఉండిపోయింది. 2017లో విద్యామంత్రి రిచర్డ్ బ్రూటన్ బడులన్నిటికీ సర్క్యులర్ పంపాల్సి వచ్చింది: మామూలు దుకాణాల్లో దొరికే బట్టలను అనుమతించండి, ముద్రను ఇస్త్రీతో అతికించుకోనివ్వండి అని. 1982లో బూట్ల మీద పన్ను ప్రతిపాదించిన ఆర్థికమంత్రి జాన్ బ్రూటన్ ఈయన అన్నే. ఒకే ఇంట్లోని ఇద్దరు మంత్రులు ముప్పై అయిదేళ్ల తేడాతో పిల్లల బట్టల లెక్కల్లో తలదూర్చారన్నమాట.

బడి నియమావళి బూట్ల గురించి సాధారణంగా నాలుగు ముక్కలే చెప్పేది. నల్లవి లేదా గోధుమరంగువి, తోలువి, రన్నర్స్ కాకూడదు. పిల్లలు లాయర్లలా ఆ వాక్యంలోని సందులన్నీ వెతికారు. డాక్ మార్టెన్స్ నల్లవే, తోలువే. 1970ల చివరి పంక్ సంగీతపు కాలం నుంచి 1990ల మొదటి గ్రంజ్ సంగీతపు కాలం దాకా అవి నిబంధన తప్పకుండానే తిరుగుబాటు చేసే సాధనమయ్యాయి. గుండు చేయించుకుని బరువైన బూట్లతో వేదికెక్కిన గాయని షినేడ్ ఓ'కానర్‌ను 1980ల చివర టీవీలో చూసిన ఆడపిల్లలకు గుండు కొట్టించుకునే ధైర్యం అందరికీ రాలేదు. బూట్లయితే కొనుక్కోవచ్చు.

ఈ సందులో నుంచి దూరిన వాటిలో అసలు సిసలు ఐరిష్ సరుకు డ్యూబారీ. గాల్వే కౌంటీలోని బాలినస్లో పట్టణంలో 1937లో మొదలైన చెప్పుల కంపెనీ అది. పడవల మీద జారకుండా నిలబడేందుకు వేసుకునే గోధుమరంగు తోలు డెక్ షూ దాని పేరు మోసిన సరుకు. 1990ల నుంచి 2000ల దాకా ఈ బూటు సముద్రం ముఖం చూడని తరగతి గదుల్లోకి వచ్చి 'డ్యూబ్స్' అయింది. దక్షిణ డబ్లిన్ రగ్బీ బడుల అబ్బాయిలు వేసుకున్నారు, ఊళ్లలో కాన్వెంట్ బడుల అమ్మాయిలు వేసుకున్నారు. లేసులు కట్టుకోవడం నామోషీ. వాటిని స్ప్రింగులా చుట్టచుట్టి రెండు పక్కలా ముడిగా వదిలేయాలి. కట్టని బూటుతో కాలు ఈడ్చుకుంటూ నడవడమే స్టైల్. ఒక జత ధర చాలా ఇళ్లలో చిన్న చర్చకు దారితీసేంత ఉండేది. అందుకే తల్లిదండ్రులకు చెప్పే వాదన కూడా సిద్ధంగా ఉండేది: తోలు గట్టిది, నాలుగేళ్లు వస్తుంది, బడికీ సెలవుకీ పనికొస్తుంది. అలలు ఎగిసే డెక్ మీద పట్టు తప్పకూడదని చేసిన బూటును లేసులు కట్టకుండా ఊడిపోయేలా వేసుకోవడంలో ఉన్న తమాషా ఆ పిల్లల్లో ఎవరికీ పట్టినట్టు లేదు.

సంచి రెండో సందు. 1980ల్లో సైన్యం వాడి వదిలేసిన ఖాకీ కాన్వాస్ సంచులు చవగ్గా దొరికేవి. వాటి మీద బాల్ పెన్నుతోనూ, తప్పులు దిద్దే తెల్ల టిపెక్స్‌తోనూ బ్యాండ్ల పేర్లు రాసుకునేవారు. ఏ పేరు రాశావన్నదే నువ్వెవరన్నది. సంగీతాభిరుచి మారితే చిక్కు. కొట్టేసిన పేరు కూడా కనిపిస్తూనే ఉంటుంది.

ఇంతకీ ఆ బ్యాండ్ల వేషాలు ఐర్లండ్ పిల్లలకు ఎలా తెలిసేవి? ఇక్కడ దేశం రెండుగా చీలిపోతుంది. రాజధాని, పల్లె అన్న చీలిక కన్నా యాంటెన్నా అందేచోటు, అందనిచోటు అన్న చీలికే ఎక్కువ పనిచేసింది. ఐర్లండ్ సొంత టీవీ 1961 డిసెంబర్ 31న మొదలైంది. రెండో చానెల్ 1978 నవంబర్ దాకా రాలేదు. అయితే తూర్పు తీరంలోనూ ఉత్తర సరిహద్దు పొడవునా ఇంటి కప్పు మీద ఎత్తయిన యాంటెన్నా పెట్టుకుంటే సముద్రం అవతలి బ్రిటిష్ చానెళ్లు దొరికేవి. డబ్లిన్ పిల్ల గురువారం రాత్రి బీబీసీలో కొత్త పాటల కార్యక్రమం చూసి శుక్రవారం జుట్టు మార్చుకునేది. పశ్చిమ కౌంటీలైన కెర్రీలోనో మేయోలోనో ఉన్న పిల్లకు ఆ జుట్టు సంగతి పత్రికలో బొమ్మ వస్తేనో, డబ్లిన్ నుంచి చుట్టాలొస్తేనో తెలిసేది. పశ్చిమాన ఫ్యాషన్ ఆలస్యంగా వచ్చేదన్న వెక్కిరింతకు వెనక ఉన్నది మొద్దుతనం కాదు, రేడియో తరంగాల దూరం. 1984లో క్లోన్‌మెల్ కుర్రాడు విన్సెంట్ హాన్లీ న్యూయార్క్ నుంచి ఆదివారం మధ్యాహ్నాలు ఐర్లండ్ ప్రభుత్వ టీవీ ఆర్‌టీఈలో మ్యూజిక్ వీడియోలు చూపించడం మొదలుపెట్టాక ఈ దూరం ఒక్కసారిగా తగ్గింది. దేశమంతా ఒకే మధ్యాహ్నం ఒకే బట్టలు చూడటం అప్పటికి కొత్త.

చూడటం ఒకటి, దొరకడం ఒకటి. అంతకుముందు తరానికి అమెరికాలోని మేనత్తలు, పెద్దమ్మలు పంపే పార్శిళ్లు ఉండేవి. మిరుమిట్లు గొలిపే రంగుల బట్టలు, ఊళ్లో ఎవరికీ లేనివి, కాబట్టి కొన్నిసార్లు వేసుకోవాలంటేనే సిగ్గుపడేవి. 1980ల్లో ఆ పని లండన్ చేసింది. నిరుద్యోగం 17 శాతం దాకా పాకిన రోజులవి. 1989కి వలస ఎంత ముదిరిందంటే, వచ్చినవాళ్లను తీసేసినా ఆ ఒక్క ఏడాదిలో దాదాపు 44,000 మంది దేశం విడిచారు. అప్పటి జనాభా 35 లక్షలే. క్రిస్మస్‌కు ఓడెక్కి ఇంటికొచ్చే అన్నలూ అక్కలూ లండన్ బజారు బట్టలతో దిగేవారు, తమ్ముళ్లకు పాతవి వదిలి వెళ్లేవారు. ఆ దశాబ్దపు ఫ్యాషన్ జ్ఞాపకాల్లో వలస దుఃఖం సూటిగా కనిపించదు. డెనిమ్ జాకెట్ ఎక్కడిదంటే అన్న ఇచ్చాడంటారు. అన్న ఆ జాకెట్ ఎందుకు లండన్‌లో కొన్నాడో అడగాలి.

యూనిఫాం లేని శనివారం మధ్యాహ్నానికి ఒక చోటు కావాలి. డబ్లిన్‌లో సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్ పక్కనున్న డాండెలియన్ మార్కెట్ 1970ల చివర అలాంటి చోటు. పాత బట్టలు, బ్యాడ్జీలు, రికార్డులు. 1979లో యూ2 బ్యాండ్ అక్కడ మధ్యాహ్నం పూట కచేరీలు చేసింది, పబ్బుల్లోకి అడుగుపెట్టే వయసు లేని పిల్లల కోసం. ఆ చోట 1988లో గాజు కప్పు షాపింగ్ సెంటర్ లేచింది. జనం అప్పటికే టెంపుల్ బార్ సందుల్లోని సెకండ్ హ్యాండ్ దుకాణాలకు, జార్జెస్ స్ట్రీట్ ఆర్కేడ్‌కు, డేమ్ స్ట్రీట్‌లో సెంట్రల్ బ్యాంక్ మెట్ల మీదికి చేరారు. దేశపు డబ్బుకు కాపలా కాసే భవనం ముందు నల్ల కోట్లు, నల్ల కాటుక, పైకి దువ్వి నిలబెట్టిన జుట్టుతో పిల్లలు సాయంత్రం దాకా కూర్చునేవారు. ద క్యూర్ బ్యాండ్ అభిమానులు కావడంతో 'క్యూర్‌హెడ్స్' అని పేరు పడింది. సబ్బుతోనూ పంచదార నీళ్లతోనూ నిలబెట్టిన జుట్టు డబ్లిన్ వానకు ఎంతసేపు నిలుస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. 1990ల్లో అదే మెట్ల మీద గ్రంజ్ గళ్ల చొక్కాలు, 2000ల్లో మెటల్ బ్యాండ్ల హుడీలు, నేల ఊడ్చే వెడల్పు జీన్స్ వచ్చాయి. ఆ జీన్స్ అంచు వాన నీళ్లు పీల్చి మోకాలి దాకా తడిసేది. 2000ల తరానికి ఇదే గట్టి జ్ఞాపకం. బ్యాంకు 2017లో నది ఒడ్డుకు మారింది.

కార్క్ నగరానికి సర్ హెన్రీస్ అనే సంగీత క్లబ్బు ఉండేది. 1991 ఆగస్టు 20న సోనిక్ యూత్ బ్యాండ్ కన్నా ముందు వేదికెక్కిన గ్రంజ్ బ్యాండ్ నిర్వాణాను అక్కడ చూశామని చెప్పేవాళ్ల సంఖ్య, ఆ హాలులో పట్టే జనం కన్నా చాలా ఎక్కువ. ఆ ఏడాది చివరికి ప్రపంచమంతా వేసుకున్న గళ్ల చొక్కాలు ఐర్లండ్ పల్లెటూళ్లలో కొత్తవేమీ కావు, నాన్న పశువుల కొట్టంలోకి వేసుకెళ్లేవి అవే.

ఉత్తర ఐర్లండ్‌లో ఇదే యూనిఫాం మరో పని చేసేది. స్వెట్టర్ రంగు చూస్తే ఏ బడో, బడిని బట్టి కాథలిక్కో ప్రొటెస్టెంటో తెలిసిపోయేది. ఈ రెండు వర్గాల మధ్య హింస సాగిన గొడవల కాలంలో బస్టాపులో నిలబడ్డ పిల్లకు అది చిన్న విషయం కాదు. కాథలిక్కులు అభిమానించే సెల్టిక్, ప్రొటెస్టెంట్లు అభిమానించే రేంజర్స్ ఫుట్‌బాల్ జట్ల చొక్కాలదీ అదే కథ. అందుకే 1978 ప్రాంతంలో బెల్ఫాస్ట్ హార్ప్ బార్‌లో పోగైన పంక్ పిల్లల వేషానికి లండన్‌లో లేని బరువుంది. చిరిగిన చొక్కా, పిన్నీసులు చూసి మతం చెప్పలేరు. ఇక డెరీ నుంచి వచ్చిన అండర్‌టోన్స్ బ్యాండ్ పంక్ వేషం కూడా వేసుకోలేదు. పొట్టి ప్యాంట్లు, స్వెట్టర్లు, పార్కా కోట్లు. అమ్మ కొనిచ్చిన బట్టల్లోనే టీవీకెక్కారు. ఆ కాలపు ఫొటోల్లో ఇప్పటికీ పాతబడనివి వాళ్లవే.

అప్పటిదాకా రహస్య తెగల్లా ఉన్న ఫ్యాషన్‌ను 1990 వేసవి దేశమంతటికీ ఒకే బట్ట చేసింది. ఐర్లండ్ మొదటిసారి ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఆడి క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లింది. ఆకుపచ్చ అడిడాస్ చొక్కా మీద స్పాన్సర్ ఓపెల్ పేరు. దాంతోపాటు చప్పుడు చేసే నైలాన్ షెల్ సూట్లు. ఆ తర్వాత మూడు నాలుగేళ్లు ఛాతీ మీద పేరు రాసి ఉన్న బట్టలదే రాజ్యం: నాఫ్ నాఫ్ జాకెట్లు, స్వెటర్ షాప్ స్వెట్టర్లు. స్వెట్టర్ మీద 'స్వెటర్ షాప్' అని అడ్డంగా రాసి ఉండటం ఇప్పుడు నవ్వు పుట్టిస్తుంది గానీ, ఆ అక్షరాల కోసం ఇళ్లలో ఏడుపులు జరిగాయి. ఇలాంటి బ్రాండ్ జ్ఞాపకాల్లో ఒక తీరు గమనించవచ్చు. ఆ జాకెట్ ఉన్నవాళ్లు అది ఉండేదని మాత్రమే చెబుతారు. లేనివాళ్లు దాని రంగు, ధర, అది వేసుకున్న క్లాస్‌మేట్ ఏ వరుసలో కూర్చునేదీ చెబుతారు.

లేనివాళ్లకు డన్స్ ఉండేది. బెన్ డన్ 1944లో కార్క్‌లో తెరిచిన దుకాణం దేశమంతా పాకింది. సెయింట్ బెర్నార్డ్ అన్నది దాని సొంత ముద్ర. డన్స్ రన్నర్స్ వేసుకుని బడి మైదానంలోకి వెళ్లడం 1980, 90ల్లో ఒక శిక్ష. పైన అడిడాస్ మూడు చారలకు బదులు రెండో నాలుగో ఉంటే మరీనూ. 1969లో డబ్లిన్ మేరీ స్ట్రీట్‌లో ఆర్థర్ ర్యాన్ తెరిచిన పెన్నీస్‌దీ మొదట అదే గతి. ఐర్లండ్ దాటాక ప్రైమార్క్ అనే పేరుతో తెలిసే దుకాణం ఇదే. అలాంటిది 2000లు వచ్చేసరికి గౌను బాగుందని ఎవరైనా మెచ్చుకుంటే "పెన్నీస్! ఎనిమిది యూరోలే!" అని ధరతో సహా ప్రకటించుకోవడం ఐరిష్ ఆడపిల్లల అలవాటైంది.

చవక సిగ్గు నుంచి గర్వానికి ఎలా మారింది? డబ్బొచ్చింది కాబట్టి అనేది తొందరపాటు జవాబు. కెల్టిక్ టైగర్ అన్న పేరుతో ఆర్థిక వ్యవస్థ ఎగిసిన మాట నిజమే, నిరుద్యోగం 2000 నాటికి 4 శాతం చుట్టూ పడిపోయిన మాటా నిజమే. కానీ అదే కాలంలో బ్రాండ్ల పిచ్చి కూడా ముదిరింది. విద్యార్థులకిచ్చే జె1 వీసా మీద వేసవి పనికి అమెరికా వెళ్లొచ్చిన అన్నలు అబర్‌క్రాంబీ చొక్కాలు తెచ్చారు, యూరో బలంగా ఉన్నప్పుడు క్రిస్మస్ ముందు న్యూయార్క్‌కు షాపింగ్ విమానాలెక్కిన తల్లులు అగ్ బూట్లు తెచ్చారు. రెండూ పక్కపక్కనే నడిచాయి. అసలు తేడా ఎంపికలో ఉంది. ఖరీదైనది కొనగలిగినవాళ్లు చవకది ఎంచుకుంటే అది తెలివి. వేరే దారిలేక కొంటే సిగ్గు. 1985లో చవక చాలామందికి ఒక్కటే దారి. 2005లో అది చాలామందికి రెండో దారి అయింది, అందుకే దాని గురించి నవ్వుతూ చెప్పుకోగలిగారు. దారి మారనివాళ్ల విషయంలో వెక్కిరింత ఆగలేదు. 2012లో డబ్లిన్ శివారులోని ఒక సంక్షేమ కార్యాలయం పైజామాలతో రావద్దని నోటీసు పెడితే పత్రికలన్నీ నవ్వుకున్నాయి. పైజామాలతో వీధిలోకొచ్చే అలవాటు కార్మికవాడల అమ్మాయిలది కాబట్టే అది వార్త అయింది. ఎనిమిది యూరోల గౌనుకు ఇంకో లెక్క కూడా ఉంది: 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర కూలి 1,100 మందికి పైగా ప్రాణాలు తీసిన రాణా ప్లాజా భవనంలో ప్రైమార్క్‌కు బట్టలు కుట్టే యూనిట్ కూడా ఉంది. ఐరిష్ నోస్టాల్జియా కబుర్లలో ఈ ప్రస్తావన చాలా అరుదు.

యూనిఫాం పక్కనపెట్టి ప్రత్యేకంగా ముస్తాబయ్యే సందర్భాలు మూడే ఉండేవి. పన్నెండేళ్లకు చర్చిలో కన్ఫర్మేషన్ అనే కాథలిక్ క్రతువు, ఆరోజు చుట్టాలిచ్చిన డబ్బు చాలామంది చేతిలో పడ్డ మొదటి సొంత సొమ్ము. ఆ తర్వాత రగ్బీ క్లబ్బుల జూనియర్ డిస్కోలు, జనవరి చలిలో కోటు లేకుండా వరుసలో నిలబడటం. చివరిగా డెబ్స్, సెకండరీ ముగిశాక జరిగే వీడ్కోలు నృత్యం. అబ్బాయి అద్దె సూటులో అమ్మాయి ఇంటికొచ్చి ఆమె చేతికి పూలు, వాళ్లమ్మకు చాక్లెట్ డబ్బా ఇవ్వాలి. ఇరుగుపొరుగు గేటు దగ్గర చేరి చూడాలి. 1980ల డెబ్స్ గౌనుకు ఒక్క ఫొటో ఉంటుంది, అదీ గోడ మీద. 2006 తర్వాతి తరానికి బెబోలో వందలున్నాయి. ఆ సోషల్ నెట్‌వర్క్‌కు ఐర్లండ్ పిల్లలు ఎగబడ్డంతగా మరెవరూ ఎగబడలేదంటే తప్పులేదు. అందుకే ముందు తరం తన బట్టలను ముద్దుగా తలచుకుంటుంది, తర్వాతి తరం ఒంటికి పూసుకున్న నారింజ రంగు ఫేక్ ట్యాన్‌ను, మాడిపోయేలా సాగదీసిన జుట్టును చూసి తలపట్టుకుంటుంది. ఫొటోలు లేని చోట మరపు దయ చూపించింది.

ఇప్పటి పిల్లల ఒంటి మీద ఉన్నది ఓ'నీల్స్. 1918లో డబ్లిన్‌లో మొదలై ఇప్పుడు టైరోన్ కౌంటీ స్ట్రబేన్‌లో పెద్ద ఫ్యాక్టరీ నడుపుతున్న క్రీడా దుస్తుల కంపెనీ. ఐర్లండ్ సొంత ఆటలైన గేలిక్ ఫుట్‌బాల్, హర్లింగ్ జట్ల చొక్కాలు కుట్టే ఈ సంస్థ హాఫ్ జిప్ (ఛాతీ దాకా జిప్పున్న పైచొక్కా) ఇప్పుడు ఊరూరా కుర్రకారు వారాంతపు వేషం. 2020లో నటుడు పాల్ మెస్కల్ ఆ ఆటలను నడిపే సంఘమైన జీఏఏ తరహా పొట్టి నిక్కరుతో లండన్ వీధిలో కనిపిస్తే విదేశీ ఫ్యాషన్ పత్రికలు ఆశ్చర్యపోయాయి. కిల్డేర్ కౌంటీ తరఫున గేలిక్ ఫుట్‌బాల్ ఆడిన కుర్రాడు ఇంకేం వేసుకుంటాడని ఐర్లండ్ అనుకుంది. చాలా బడులు ఇదే హాఫ్ జిప్‌ను తమ ముద్రతో కుట్టించి యూనిఫాంలో కలిపేసుకున్నాయి. దాంతో కొత్తదానికి విలువ తగ్గి పాతదానికి పెరిగింది. జీఏఏ చొక్కాల మీద స్పాన్సర్ పేర్లను 1991లో అనుమతించింది. ఆ ఏడాది నుంచి 2009 దాకా డబ్లిన్ జట్టు చొక్కా మీద ఆర్నాట్స్ దుకాణం పేరు ఉండేది. మోచేతుల దగ్గర రంగు వెలిసిన ఆ నీలం చొక్కా అటక మీద దొరికితే ఇప్పుడు ఇంట్లో తమ్ముళ్లూ చెల్లెళ్లూ దాని కోసం పోటీ పడుతున్నారు. వాళ్ల నాన్నల కాలంలో అన్న వదిలేసిన చొక్కా వేసుకుని బడికి వెళ్తే ఏడిపించేవారు.